క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలకు కడుపునొప్పి: కారణాన్ని గుర్తించడం

4.1 పరిచయం

పిల్లలకు కడుపునొప్పి రావడం ఏ ఇంట్లోనైనా మామూలే. వాము నీళ్లు తాగిస్తాం, పొట్టమీద ఆముదం రాస్తాం, సాయంత్రానికి తగ్గకపోతే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తాం. చాలాసార్లు అంతదూరం పోనక్కరలేదు కూడా. అయితే క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లవాడి విషయంలో ఈ 'సాయంత్రం దాకా చూద్దాం' అనే పద్ధతి పనికిరాదు. ఎందుకు పనికిరాదో, అటువంటి పిల్లల్లో నొప్పికి కారణాన్ని ఏ క్రమంలో వెతుకుతారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సర్. అందులోనూ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రకం ఎక్కువ. దీని చికిత్స రెండు నుంచి మూడు సంవత్సరాలు సాగుతుంది. అన్ని రోజులూ పిల్లవాడు ఆసుపత్రిలో ఉండడు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో మందు ఎక్కించుకుని, తర్వాతి విడత వరకు ఆదిలాబాద్ జిల్లాలోనో శ్రీకాకుళం జిల్లాలోనో తన ఊళ్లో ఉంటాడు. నొప్పి అక్కడ మొదలైతే మొదట చూసేది క్యాన్సర్ వైద్యుడు కాదు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., ఊళ్లోని ఆర్.ఎం.పి., ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చూస్తారు. అందువల్ల ఈ విషయం పెద్దాసుపత్రిలో పనిచేసేవారికి మాత్రమే సంబంధించినది కాదు. ఈ పాఠంలో ఉదాహరణలన్నీ ఎక్కువగా లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్స నుంచే తీసుకుంటున్నాం.

4.2 మామూలు లక్షణాలు ఎందుకు కనిపించవు?

ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి ఉండూకం వాచిందనుకోండి. రోగకారక సూక్ష్మజీవుల మీదికి తెల్ల రక్తకణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ అనే కణాలు గుంపులుగా చేరతాయి. అక్కడ వాపు, చీము ఏర్పడతాయి. పేగులను కప్పి ఉండే పెరిటోనియం అనే పొర రేగుతుంది. దానివల్ల పొట్ట బల్లలా బిగుసుకుపోతుంది, చెయ్యి వేస్తే పిల్లవాడు కేకపెడతాడు, జ్వరం వస్తుంది, రక్తపరీక్షలో తెల్లకణాల సంఖ్య పెరుగుతుంది. డాక్టరు వీటిని చూసి రోగాన్ని పోల్చుకుంటాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ లక్షణాల్లో ఎక్కువ భాగం సూక్ష్మజీవులు నేరుగా కలిగించినవి కావు. శరీరం వాటితో చేసే పోరాటం వల్ల పుట్టినవి.

క్యాన్సర్ మందులు ఎముక మజ్జను అణిచివేస్తాయి. న్యూట్రోఫిల్స్ తయారుకావు. పోరాడే కణాలు లేనప్పుడు వాపు సరిగా రాదు, చీము పట్టదు, పొట్ట బిగుసుకోదు. లుకేమియా చికిత్స మొదటి దశలో నాలుగైదు వారాలపాటు రోజూ ప్రెడ్నిసలోన్ లేదా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది మిగిలిన కొద్దిపాటి వాపును, జ్వరాన్ని కూడా కప్పేస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదంటాం. ఈ పిల్లల్లో నిప్పు ఉంటుంది, పొగ మాత్రం రాదు. పేగుకు రంధ్రం పడిన తర్వాత కూడా పొట్ట మెత్తగానే ఉండవచ్చు. 'పొట్ట మెత్తగా ఉంది, భయం లేదు' అన్న మాట మామూలు పిల్లవాడి విషయంలో ధైర్యం ఇస్తుంది. ఈ పిల్లవాడి విషయంలో దానికి ఏ విలువా లేదు.

4.3 మొదట అడగవలసిన ప్రశ్న

కడుపునొప్పి అనగానే 'ఎక్కడ నొప్పి?' అని అడగడం మనకు అలవాటు. ఈ పిల్లల విషయంలో దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఏ మందు, ఎన్ని రోజుల కిందట ఇచ్చారు? చికిత్స పుస్తకం తెరిచి చివరి తేదీలు చూస్తే సగం దారి తెలుస్తుంది. ఎందుకంటే ఒక్కొక్క మందు ఒక్కొక్క రకమైన నొప్పిని, దాదాపుగా తనకంటూ ఉన్న సమయంలో తెస్తుంది.

మజ్జను అణిచే మందులు ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్స్ బాగా పడిపోతాయి. పిల్లవాడు ఇంటికి చేరి, కాస్త కోలుకున్నట్లు కనిపించే రోజులు కూడా అవే. ఆ రోజుల్లో వచ్చిన కడుపునొప్పిని ప్రమాదకరమైనదిగానే భావించి మొదలుపెట్టాలి.

న్యూట్రోఫిల్స్ ఎన్ని ఉన్నాయో లెక్కించడం తేలిక. రక్తపరీక్ష కాగితంలో మొత్తం తెల్లకణాల సంఖ్య, దాని కింద న్యూట్రోఫిల్స్ శాతం ఉంటాయి. బ్యాండ్ కణాలు అని విడిగా రాస్తే ఆ శాతాన్ని కూడా కలపాలి. మొత్తం సంఖ్యను ఆ శాతంతో గుణించి 100తో భాగించాలి. ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 1,200, న్యూట్రోఫిల్స్ 20 శాతం, బ్యాండ్ కణాలు 5 శాతం ఉన్నాయనుకుందాం. 1,200లో 25 శాతం అంటే 300. ఈ సంఖ్య 500 కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన లోపంగా పరిగణిస్తారు. ఇప్పుడు ఇంకొక కాగితం చూడండి. తెల్లకణాలు 3,000, న్యూట్రోఫిల్స్ 10 శాతం. మొదటి పిల్లవాడికన్నా ఇతని పరిస్థితి మెరుగనిపిస్తుంది. లెక్క వేస్తే ఇక్కడా 300 మాత్రమే. మొత్తం సంఖ్య చూసి తృప్తిపడరాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 15 శాతం, బ్యాండ్ కణాలు 3 శాతం ఉంటే న్యూట్రోఫిల్స్ సంఖ్య ఎంత? అది తీవ్రమైన లోపం అవుతుందా?
2. స్టెరాయిడ్ వాడుతున్న పిల్లవాడికి జ్వరం లేదన్న కారణంతో పేగు ఇన్ఫెక్షన్ లేదని చెప్పగలమా?

4.4 టిఫ్లైటిస్

వైద్యులు అన్నిటికన్నా ముందు అనుమానించేది దీన్నే. గ్రీకు భాషలో 'టిఫ్లోస్' అంటే గుడ్డి అని అర్థం. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, కుడివైపు పొత్తికడుపులో, ఒకవైపు మూసుకుపోయిన సంచిలాంటి భాగం ఉంటుంది. దాన్ని తెలుగులో అంధనాళం అంటున్నాం. అక్కడ వచ్చే వాపే టిఫ్లైటిస్. పేరులో గ్రీకువారూ మనమూ ఒకే ఊహ చేశాం. లుకేమియా పిల్లల్లో ఈ జబ్బును వర్ణిస్తూ 1970లో వెలువడిన పరిశోధన వ్యాసంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. వాపు అంధనాళానికే పరిమితం కాకపోవచ్చు కనుక న్యూట్రోపీనిక్ ఎంటెరోకొలైటిస్ అని కూడా అంటారు.

ఇది ఎలా వస్తుంది? క్యాన్సర్ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. పేగు లోపలి పొర కణాలు అటువంటివే. ఆ పొర అక్కడక్కడా చిట్లుతుంది. పేగులో ఎప్పుడూ ఉండే సూక్ష్మజీవులు ఆ చిట్లిన చోట గోడలోకి దిగుతాయి. ఆపడానికి న్యూట్రోఫిల్స్ లేవు. పేగు గోడ ఉబ్బుతుంది, రక్తస్రావం కావచ్చు, కొంత భాగం కుళ్లి రంధ్రం పడవచ్చు. సూక్ష్మజీవులు రక్తంలోకి చేరితే కొద్ది గంటల్లోనే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సైటరబిన్ వంటి మందులు ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ.

కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, విరేచనాలు, న్యూట్రోఫిల్స్ లోపం కలిసి కనిపిస్తే గుర్తుపట్టడం కష్టం కాదు. అన్నీ ఒకేసారి కనిపించకపోవడమే ఇబ్బంది. మొదటి రోజు నొప్పి బొడ్డు చుట్టూ ఉండవచ్చు. విరేచనాలకు బదులు పొట్ట ఉబ్బరం, వాంతులు ఉండవచ్చు. జ్వరం రెండో రోజు రావచ్చు. అందుకే న్యూట్రోఫిల్స్ 500 కన్నా తక్కువ ఉన్న పిల్లవాడికి కడుపునొప్పి వస్తే, కాదని తేలేవరకు టిఫ్లైటిస్ అనే భావించాలి.

నిర్ధారణకు మొదట చేసేది పొట్ట అల్ట్రాసౌండ్. అందులో రేడియేషన్ లేదు. మంచం దగ్గరే చేయవచ్చు, అవసరమైతే మర్నాడు మళ్లీ చేసి పోల్చవచ్చు. పేగు గోడ మందం సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. ఉండూకం వాపును దీన్నుంచి వేరుచేయడానికి కూడా స్కాన్ సాయపడుతుంది. క్యాన్సర్ చికిత్సలో ఉన్నంత మాత్రాన పిల్లవాడికి మామూలు ఉండూకం వాపు రాకూడదని ఏమీ లేదు. స్కాన్‌లో స్పష్టత రాకపోతే, రంధ్రం పడిందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ చేస్తారు.

స్కాన్ వచ్చేదాకా చికిత్స ఆగదు. న్యూట్రోఫిల్స్ లోపంతో జ్వరం ఉన్న పిల్లవాడు ఆసుపత్రికి చేరిన గంటలోపు, కల్చర్ కోసం రక్తం తీసుకుని, నరం ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలన్నది లక్ష్యం. పేగులోని రకరకాల సూక్ష్మజీవులపై, గాలి లేని చోట పెరిగేవాటిపై కూడా పనిచేసే మందులను ఎంచుకుంటారు. నోటిద్వారా ఆహారం ఆపి పేగుకు విశ్రాంతి ఇస్తారు, సెలైన్ ఎక్కిస్తారు. చాలామంది పిల్లలు ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు. రంధ్రం పడినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు మాత్రం శస్త్రచికిత్స తప్పదు. ఆ అవసరాన్ని సకాలంలో గుర్తించడానికే సర్జన్‌ను మొదటి రోజు నుంచే పిలిచి చూపిస్తారు.

4.5 విన్‌క్రిస్టిన్, మలబద్ధకం

ప్రమాదకరమైనది టిఫ్లైటిస్ అయితే, తరచుగా ఎదురయ్యేది మలబద్ధకం. విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద ప్రభావం చూపుతుంది. పేగులను కదిలించే నరాలు మందగిస్తాయి. మందు ఇచ్చిన కొద్ది రోజులకు పిల్లవాడికి విరేచనం గట్టిపడుతుంది, మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి పోతుంటుంది. దవడ నొప్పి, నడకలో పాదం ఈడ్చడం కూడా ఉంటే విన్‌క్రిస్టిన్ ప్రభావం అని తేలికగా ఊహించవచ్చు.

ఇక్కడ తల్లిని అడిగే తీరు ముఖ్యం. 'విరేచనం అవుతోందా?' అంటే 'అవుతోందండీ' అంటుంది. 'చివరిసారి ఏ రోజు వెళ్లాడు? గట్టిగా ఉండలుగా ఉందా, మెత్తగా ఉందా? గాలి పోతోందా?' అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఒక్కోసారి గట్టిపడిన మలం పక్కనుంచి నీళ్లలా జారుతుంది. దాన్ని విరేచనాలనుకుని ఆపడానికి మందు ఇస్తే పరిస్థితి ముదురుతుంది.

మలబద్ధకం తీవ్రమైతే పేగు కదలికలు పూర్తిగా ఆగిపోవచ్చు. పొట్ట ఉబ్బుతుంది, పచ్చటి వాంతులు అవుతాయి, గాలి కూడా పోదు, స్టెతస్కోపు పెడితే పేగుల శబ్దం వినిపించదు. దీన్ని పెరాలిటిక్ ఇలియస్ అంటారు. ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ వంటి ఫంగస్ మందులు వాడుతున్న పిల్లల్లో విన్‌క్రిస్టిన్ శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది కనుక ఈ ముప్పు ఎక్కువ. అందుకే కడుపునొప్పితో వచ్చిన పిల్లవాడు వాడుతున్న మందులన్నిటి పేర్లు చూడాలి. క్యాన్సర్ మందులు చూస్తే చాలదు.

ఇంట్లో మలబద్ధకానికి ఆసనంలో సబ్బు ముక్క పెట్టడం, ఎనిమా ఇవ్వడం చాలా ఊళ్లలో ఇంకా ఉంది. చికిత్సలో ఉన్న పిల్లవాడికి ఇది చేయరాదు. ఆసనం లోపలి పొర చిన్నగా గీసుకుపోయినా సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి వెళ్తాయి. అదే కారణంతో ఆసనంలో థర్మామీటర్ పెట్టరాదు. న్యూట్రోఫిల్స్ తక్కువగా ఉన్నప్పుడు డాక్టర్లు కూడా వేలితో ఆసన పరీక్ష మానుకుంటారు. మలం మెత్తబడడానికి లాక్ట్యులోజ్ వంటివి నోటిద్వారా, క్యాన్సర్ వైద్యుడు చెప్పిన మోతాదులో ఇవ్వాలి.

4.6 క్లోమం వాపు

లుకేమియా చికిత్సలో ఎల్-ఆస్పరాజినేజ్ అనే ఇంజెక్షన్ చాలా ముఖ్యమైనది. కొందరు పిల్లల్లో అది క్లోమానికి వాపు తెస్తుంది. ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులకు గాని, ఒకటి రెండు వారాలకు గాని, పొట్ట పైభాగంలో నొప్పి మొదలై వీపులోకి పాకుతుంది. వాంతులు ఆగవు. చిన్నపిల్లలు వీపు నొప్పి అని చెప్పలేరు. పడుకోకుండా మోకాళ్లు ముడుచుకుని ముందుకు వంగి కూర్చుంటారు. ఆ భంగిమను చూసి గుర్తించాలి.

రక్తంలో అమైలేజ్, లైపేజ్ అనే ఎంజైములు మామూలు గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు మించడం, నొప్పి ఈ రకంగా ఉండడం, స్కాన్‌లో క్లోమం ఉబ్బినట్లు కనిపించడం - ఈ మూడింటిలో రెండు ఉంటే నిర్ధారణ చేస్తారు. మొదటి రోజు స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన క్లోమం వాపు లేదనరాదు. రక్తంలో చక్కెర కూడా తప్పక చూడాలి. ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్ కలిసి చక్కెరను పెంచుతాయి. అది బాగా పెరిగి రక్తం ఆమ్లమయమైతే దానివల్ల కూడా కడుపునొప్పి, వాంతులు వస్తాయి.

ఇక్కడ నిర్ధారణకు మరో ప్రయోజనం ఉంది. క్లోమం వాపు తీవ్రంగా వస్తే ఆస్పరాజినేజ్‌ను సాధారణంగా మళ్లీ ఇవ్వరు. అంటే క్యాన్సర్‌ను తగ్గించే మందుల్లో ముఖ్యమైనది ఒకటి చేజారుతుంది. కనుక మామూలు గ్యాస్ నొప్పిని క్లోమం వాపు అనుకున్నా నష్టమే, క్లోమం వాపును గ్యాస్ నొప్పి అనుకున్నా నష్టమే.

4.7 మరికొన్ని కారణాలు

స్టెరాయిడ్‌వల్ల జీర్ణాశయంలో మంట, పుండు రావచ్చు. మలం తారులా నల్లగా వస్తే రక్తస్రావం అని గుర్తించాలి. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ ఇచ్చాక పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే మూత్రాశయం వాచిందని అర్థం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పితోపాటు బరువు హఠాత్తుగా పెరిగి, కాలేయం ఉబ్బి, పొట్టలో నీరు చేరితే కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయాయేమో చూస్తారు. మూత్రపిండంలో వచ్చే విల్మ్స్ కణితికి వాడే యాక్టినోమైసిన్-డి ఇచ్చాక ఇది కనిపించవచ్చు. కణితి ఆపరేషన్ అయిన పిల్లల్లో పేగు మెలికపడడం, ఒక పేగు మరొకదానిలోకి దూరడం సంభవిస్తాయి.

రెండు కారణాలు పొట్టలో కాకుండా వేరేచోట ఉండి మోసం చేస్తాయి. ఊపిరితిత్తి కింది భాగంలో నిమోనియా వస్తే పిల్లవాడు పొట్టమీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. అందుకే ఛాతీ వినకుండా కడుపునొప్పి పరీక్ష పూర్తికాదు. రెండోది ఆటలమ్మ వైరస్. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో ఒంటిమీద పొక్కులు రావడానికి కొన్ని రోజుల ముందే భరించలేని కడుపునొప్పి రావచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు. ఇంట్లోనో బడిలోనో ఎవరికైనా ఆటలమ్మ పోసిందా అని అడిగితే ఒక్క ప్రశ్నతో దారి దొరుకుతుంది. అమ్మవారు పోసినప్పుడు ఆ మాట బయటికి చెప్పడానికి కొందరు వెనుకాడతారు, మెల్లగా అడగాలి.

మన ప్రాంతంలో మామూలుగా ఉండే నులిపురుగులు, టైఫాయిడ్, అమీబా విరేచనాలు ఈ పిల్లలకూ వస్తాయి. అవి ఉన్నాయని తేలినా న్యూట్రోఫిల్స్ సంఖ్య చూడడం మానరాదు.

4.8 ఒకసారి చూసి వదిలేయరాదు

లక్షణాలు అణిగి ఉండే పిల్లల్లో ఒక్క పరీక్షకన్నా, గంటగంటకూ వచ్చే మార్పు ఎక్కువ చెబుతుంది. సాధ్యమైనంతవరకు అదే వ్యక్తి కొన్ని గంటలకొకసారి పొట్టను పరీక్షించాలి. బొడ్డు మీదుగా టేపుతో పొట్ట చుట్టుకొలత తీసుకుని, టేపు పెట్టిన చోట పెన్నుతో గుర్తు వేసి, రాసిపెట్టాలి. నాడి, రక్తపోటు, మూత్రం పోసిన సమయం కూడా రాయాలి. జ్వరం లేకపోయినా నాడి వేగం పెరుగుతూ, చేతులు కాళ్లు చల్లబడుతుంటే లోపల పరిస్థితి క్షీణిస్తోందని అర్థం. ఆడుకునే పిల్లవాడు మంచం దిగకపోవడం, అమ్మ ఎత్తుకున్నా ఏడవడం, పిలిస్తే బద్ధకంగా పలకడం ఏ యంత్రమూ కొలవలేని గుర్తులు. 'వీడు ఎప్పటిలా లేడు' అని తల్లి అంటే ఆ మాటను కేసు షీటులో రాయాలి.

న్యూట్రోఫిల్స్ మళ్లీ పెరగడం మొదలైనప్పుడు సాధారణంగా నొప్పి తగ్గుతుంది. అలా కాకుండా సంఖ్య పెరుగుతున్నా జ్వరం తగ్గక, కుడివైపు పైభాగంలో నొప్పి మొదలైతే కాలేయంలో, ప్లీహంలో ఫంగస్ స్థిరపడిందేమో అని స్కాన్ చేస్తారు. కణాలు తిరిగి వచ్చాకే వాపు పుడుతుంది, అప్పుడే అది స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. 4.2లో చెప్పుకున్న విషయానికి ఇది రెండో వైపు.

4.9 ఊళ్లో ఉన్నప్పుడు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆరేళ్ల బాబుకు పది రోజుల కిందట మందు ఎక్కించారు. ఉదయం నుంచి కడుపునొప్పి అంటున్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. నాయనమ్మ దిష్టి తీసింది. దానివల్ల నష్టం లేదు, అందులో పూట గడిచిపోతేనే నష్టం. తర్వాత పారాసిటమాల్ సిరప్ వేద్దామనుకుంటారు. ముందు థర్మామీటరు పెట్టి చూడకుండా ఆ మందు వేస్తే, జ్వరం ఉందో లేదో తెలుసుకునే అవకాశం పోతుంది. చంకలోనో నోటిలోనో చూసి, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే సమయంతో సహా రాసుకుని వెంటనే చికిత్స జరుగుతున్న ఆసుపత్రికి ఫోన్ చేయాలి. జ్వరం లేకపోయినా పదో రోజు కడుపునొప్పి అన్నది ఒక్కటే ఫోన్ చేయడానికి తగిన కారణం.

నొప్పి తగ్గడానికి పిరుదు మీద ఇంజెక్షన్ వేయించరాదు. రక్తఫలకికలు తక్కువగా ఉన్నప్పుడు సూది గుచ్చిన చోట రక్తం గడ్డకట్టి, అక్కడే ఇన్ఫెక్షన్ చేరవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. ఆముదం తాగించి కడుపు కడగడం ఈ సమయంలో అసలే వద్దు. పెద్దాసుపత్రి ఐదారు గంటల దూరంలో ఉంటే, దారిలోని జిల్లా ఆసుపత్రిలో మొదటి యాంటీబయాటిక్ వేయించి పంపమని క్యాన్సర్ వైద్యులు ఫోన్‌లోనే చెప్పవచ్చు. అప్పుడు అక్కడి డాక్టరుకు ఇవ్వవలసిన చీటీలో జబ్బు పేరు, చివరిగా ఇచ్చిన మందులు, వాటి తేదీలు, స్టెరాయిడ్ వాడుతున్నాడా లేదా, చివరి రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ సంఖ్య, నొప్పి మొదలైన గంట, చూసిన జ్వరం, ఇంట్లో వేసిన మందు, చివరిసారి విరేచనం అయిన రోజు ఉండాలి. ఛాతీలో సెంట్రల్ లైన్ ఉంటే ఆ సంగతి, ఆసుపత్రి ఫోన్ నంబరు కూడా రాయాలి. చికిత్స పుస్తకం పిల్లవాడితోనే వెళ్లాలి.